నెగటివ్ ఉంటేనే నాలుగు కాలాలు!

"సెల్‌ఫోనుతోనే సినిమా తీసేస్తున్న రోజులివి. ఇంకా ఫిల్మేమిటండీ? ఆ ముచ్చట ఎప్పుడో ముగిసింది కదా!" - కుర్రకారు ఎక్కడ కలిసినా అడుగుతున్న మాట ఇది. ముగిసిందా? సగం ముగిసింది. ఆ మిగిలిన సగం గురించే ఈ వారం కబుర్లు.

ముందు కాస్త లెక్క. 35 ఎం.ఎం. ఫిల్ము సెకనుకు 24 బొమ్మల చొప్పున పరుగెడుతుంది. అంటే నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల చుట్ట పదకొండు నిమిషాల్లో ఖాళీ! రెండున్నర గంటల చిత్రమంటే తెరమీద పడేదే 13,500 అడుగులు. ఎన్.జి.లూ రీటేకులూ కలుపుకుంటే కెమెరాలో తిరిగేది అంతకు కొన్ని రెట్లు. హీరోగారు డైలాగు తడబడితే నిర్మాతగారి గుండెల్లో రాయి పడేదంటే పడదూ మరి! ఇప్పుడు ఆ బాధ లేదు. కార్డు నిండితే ఇంకో కార్డు. ఇరవై టేకులైనా "ఇంకొక్కటి చేద్దాం సార్" అనొచ్చు.

విచిత్రమేమిటంటే, ఈ డిజిటల్ బిడ్డ పుట్టింది ఫిల్ము అమ్ముకునే వారింట్లోనే! 1975లో కొడాక్ కంపెనీలో స్టీవ్ శాసన్ అనే యువ ఇంజనీరు మొట్టమొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. ఒక్క నలుపు తెలుపు బొమ్మ క్యాసెట్టు మీదికెక్కడానికి 23 సెకన్లు పట్టిందట. ఆ బిడ్డే పెద్దవాడై పుట్టింటినే ఖాళీ చేయించాడు. 2012 జనవరిలో కొడాక్ దివాలా రక్షణ కోరుతూ కోర్టు మెట్లెక్కింది. 2013లో చిక్కిపోయి బయటపడింది. సినిమా షూటింగుకు వాడే ఫిల్మును ఫుజి వారు ఆ ఏడాదికే ఆపేశారు. మన ఊటీలో 'ఇందు' పేరుతో ఫిల్ము తయారుచేసిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కూడా మూతపడింది. 2015లో దేశాన్ని ఊపేసిన 'బాహుబలి' డిజిటల్ కెమెరాతో తీసిందే. "బాక్సు వచ్చిందా?" అని థియేటర్ ముందు ఎదురుచూడటం, రెండు హాళ్ల మధ్య రీళ్లు సైకిలు మీద పరుగెత్తడం - ఇవన్నీ మీ నాన్నగారినడిగి తెలుసుకోవాల్సిన కథలైపోయాయి.

అయినా ఫిల్ము ఊపిరి ఆగలేదు. క్రిస్టఫర్ నోలన్, క్వెంటిన్ టరాంటినో లాంటి వాళ్లు పట్టుబట్టాక, 2015లో హాలీవుడ్ పెద్ద స్టూడియోలు కొడాక్ దగ్గర ఫిల్ము కొనడానికి ఒప్పందాలు చేసుకున్నాయి. 2023లో వచ్చిన నోలన్ 'ఓపెన్‌హైమర్' కోసం కొడాక్ వారు 65 ఎం.ఎం.లో నలుపు తెలుపు ఫిల్మును ప్రత్యేకంగా తయారుచేసి ఇచ్చారు. స్టిల్ ఫోటోల సంగతి చూసినా అంతే. ఆపేసిన ఎక్టాక్రోమ్ ఫిల్మును 2018లో మళ్లీ మార్కెట్లోకి తెచ్చారు. 2024లో పెంటాక్స్ వారు సరికొత్త ఫిల్ము కెమెరాయే విడుదల చేశారు! చూడబోతే ఫిల్ముకు పట్టుచీర యోగం పట్టినట్టుంది. రోజూ కట్టకపోయినా బీరువాలోంచి మాత్రం పోదు.

సరే, ఏ కెమెరాతో తీయాలన్నది కళాకారుల ఇష్టం, నిర్మాత జేబు. దాని గురించి నాకు పేచీ లేదు. నా బెంగల్లా తీసిన తర్వాత సంగతి. ఈ రోజు మీరు ఈలలు వేసి చూసిన బొమ్మ యాభై ఏళ్ల తర్వాత మీ మనవడికి దొరుకుతుందా?

రెండు కథలు చెబుతాను, వినండి.

మొదటిది సత్యజిత్ రాయ్ గారిది. 'పథేర్ పాంచాలి', 'అపరాజితో', 'అపూర్ సంసార్' చిత్రాల ఒరిజినల్ నెగటివులు 1993లో లండన్‌లోని ఒక ల్యాబులో జరిగిన అగ్నిప్రమాదంలో చిక్కుకున్నాయి. అంచులు కాలి, కరిగి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పనికిరావని తేల్చినా పారేయకుండా అమెరికాలో ఆస్కార్ అకాడెమీ భాండాగారంలో దాచారు. ఇరవై ఏళ్లు గడిచాక ఆ చుట్టల్ని ఇటలీలోని బొలోన్యా నగరానికి తీసుకెళ్లారు. మందుల్లో నానబెట్టి, మెత్తబరచి, చిరిగిన చోటల్లా చేత్తో అతికించారు. 'పథేర్ పాంచాలి'లో దాదాపు 40 శాతం, 'అపరాజితో'లో 60 శాతం పైన ఆ కాలిన నెగటివు నుంచే దక్కాయి. మిగతాది వేరే కాపీల నుంచి పూరించారు. 2015లో ఆ మూడు చిత్రాలూ మళ్లీ తెరమీద తళతళలాడాయి. నిప్పులో పడి కూడా బతికిన బొమ్మలు!

రెండోది పిక్సార్ వారి 'టాయ్ స్టోరీ 2'. ఇది 1999లో విడుదలైంది. అంతకు ముందటి ఏడాది ఎవరో కంప్యూటర్‌లో పొరపాటున ఒక ఆజ్ఞ నొక్కారు. అంతే! చూస్తుండగానే పాత్రలూ సెట్లూ ఒక్కొక్కటే మాయం. జాగ్రత్తకని పెట్టుకున్న కాపీ చూస్తే అదీ సరిగ్గా లేదు. అదృష్టవశాత్తూ బిడ్డ పుట్టి ఇంటి నుంచి పనిచేస్తున్న ఒక ఉద్యోగిని ఇంట్లోని కంప్యూటర్‌లో ఓ కాపీ ఉంది. దాన్ని దుప్పట్లు చుట్టి, పసిపాపలా కారులో స్టూడియోకి తెచ్చుకున్నారు. ఆ తల్లి ఇంట్లో లేకపోతే?

ఇప్పుడర్థమైందా తేడా? కాలిన ఫిల్ములో ఇరవై ఏళ్ల తర్వాతా సగం బొమ్మ దొరికింది. చెరిగిన ఫైలులో అప్పటికప్పుడు ఏమీ దొరకలేదు. ఫిల్ముది మసకబారుతూ పోయే చావు. లైటుకెదురుగా పట్టుకుంటే ఎన్నేళ్లయినా బొమ్మ కంటికి కనిపిస్తుంది. డిజిటల్‌ది ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టు. దాన్ని చదవడానికి యంత్రం కావాలి, ఆ యంత్రానికి సాఫ్ట్‌వేర్ కావాలి. మీ అన్నయ్య దాచుకున్న ఫ్లాపీ డిస్కు ఈ రోజు ఎందులో పెట్టి చూస్తారు? అందుకే డిజిటల్ సినిమాని కొన్నేళ్లకోసారి కొత్త టేపులకూ కొత్త డిస్కులకూ మార్చుతూ ఉండాలి. ఒక్క తరం మరిచిపోతే కథ కంచికే!

ఖర్చూ తక్కువేం కాదు. 2007లో ఆస్కార్ అకాడెమీ వారు లెక్క కట్టారు. ఒక చిత్రం మాస్టర్‌ను ఫిల్ము రూపంలో దాచడానికి ఏడాదికి 1,059 డాలర్లు. అదే 4కె డిజిటల్‌లో దాచడానికి 12,514 డాలర్లు. తీసేటప్పుడు చవక, దాచేటప్పుడు ఖరీదు! అందుకే హాలీవుడ్‌లో డిజిటల్‌గా తీసిన చిత్రాలకు కూడా రంగుల్ని మూడుగా విడదీసి, మూడు నలుపు తెలుపు ఫిల్ముల మీద ముద్రించి చల్లని గదుల్లో దాచే పద్ధతి వచ్చింది. రంగు వెలుస్తుంది, వెండి అంత తేలిగ్గా వెలవదు మరి.

అలాగని ఫిల్మయితే చాలు, చిరంజీవి అనుకోకండి. మన తెలుగు మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ఈ రోజు చూద్దామంటే ఒక్క ప్రింటు లేదు. పాత ఫిల్ముల్ని కరిగించి వెండి తీసుకున్న రోజులున్నాయి. ఉక్కపోత గదుల్లో పడేస్తే ఫిల్ము వినిగర్ వాసన కొట్టి, వంకర తిరిగి, పొడి అవుతుంది. 2003లో పుణేలో మంటలు చెలరేగి ఎన్నో పాత నైట్రేట్ ఫిల్ములు బూడిదయ్యాయి. కాపాడేది ఫిల్మూ కాదు, డిస్కూ కాదు, మనిషి శ్రద్ధ. కాకపోతే ఫిల్ము మన అశ్రద్ధని కొంతకాలం ఓర్చుకుంటుంది. డిజిటల్ ఓర్చుకోదు.

శ్రద్ధ ఉంటే ఏమవుతుందో మన కళ్లముందే ఉంది. 1957 నాటి 'మాయాబజార్'కు 2010లో హైదరాబాదులోనే రంగులద్దారు. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి 'దేవదాసు', 'మిస్సమ్మ', 'మాయాబజార్' మొదలైన పది చిత్రాల్ని దేశంలోని 25 నగరాల్లో థియేటర్లలో వేశారు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు కూడా మార్కస్ బార్ట్లే వెన్నెలని పెద్ద తెరమీద చూసే భాగ్యం దక్కింది. ఎవరో ఒకరు ఆ రీళ్లని పారేయకుండా ఉంచబట్టే కదా!

మరి గత పదేళ్లలో వచ్చిన మన చిన్న చిత్రాల మాటేమిటి? పెద్ద బ్యానర్లకు దాచుకునే స్తోమత ఉంది. ఒక్క సినిమా తీసి చేతులు కాల్చుకున్న నిర్మాత ఇంట్లో హార్డ్ డిస్కు ఏ అలమరలో పడి ఉందో! "ఓటీటీలో ఉందిగా" అంటారు. అది ఒప్పందం ఉన్నన్నాళ్లే. పైగా అక్కడుండేది కుదించిన కాపీ, అసలు మాస్టర్ కాదు.

అభిమాన సంఘాల తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఓ మాట. కటౌట్లకు పాలాభిషేకాలు చేస్తారు, రీ-రిలీజులకు ఊరంతా హోరెత్తిస్తారు. సంతోషం! ఈసారి మీ హీరోగారు కనిపిస్తే ఇంకో ప్రశ్న కూడా అడగండి - "సార్, మీ మొదటి సినిమా మాస్టర్ ఎక్కడుంది? ఎన్ని కాపీలున్నాయి?" అభిమానులు అడిగితే నిర్మాతలు వెతుకుతారు. వెతికితే దొరికే అవకాశం ఈ రోజు ఉంది. ఇంకో పదేళ్లకి ఉంటుందనుకోను.

అన్నట్టు, మీ ఇంట్లో బీరువా అడుగున తాతగారి పెళ్లి నెగటివులు కవరులో ఉంటే చెత్తబుట్టలో వేయకండి. వేడి తగలని పొడి చోట పెట్టండి. తీరిక దొరికినప్పుడు స్కాన్ చేయించి, ఆ కాపీ రెండు చోట్ల దాచండి. స్కాన్ అయిపోయిందని అసలు నెగటివు మాత్రం పారేయొద్దు సుమా!

వచ్చే వారం మరో కబురుతో కలుద్దాం. సెలవు.