బట్టీ డిజైన్ మారుతోంది, అడ్వాన్సు పుస్తకం మారలేదు

ఇటుక బట్టీల కాలుష్యం మీద జరిగిన ఒక సదస్సుకు వెళ్లాను. తెర మీద బట్టీ అడ్డుకోత బొమ్మ వేశారు. గాలి ఎటు నుంచి లోపలికి వస్తుందో, వేడి ఎటు పోతుందో, పొగ చిమ్నీలోకి ఎలా చేరుతుందో ఎర్ర, నీలం బాణాలతో చక్కగా చూపించారు. బొమ్మ బాగుంది. ఆ బొమ్మలో మనిషి మాత్రం లేడు. నిప్పుల మీద నిలబడి బొగ్గు వేసేవాడు లేడు, పచ్చి ఇటుకలు పేర్చేవాడు లేడు, రెండు వందల అడుగుల దూరంలో గుడిసె ముందు ఇటుకలు కోసే ఆడమనిషి లేదు. ప్రశ్నలు అడగమన్నప్పుడు లేచి, కొత్త డిజైన్‌లో కూలీల గుడిసెలు ఎక్కడుంటాయని అడిగాను. అది కార్మిక శాఖ చూసుకోవాల్సిన విషయం, మాది సాంకేతిక అంశం అని జవాబు వచ్చింది.

ఈ వ్యాసం ఆ జవాబు గురించే. బట్టీ డిజైన్ వేరు, బట్టీలో కులం, అప్పు, కూలి వేరు అన్న విభజన ఎంత అబద్ధమో బట్టీ లోపలికి వెళ్లి చూస్తేనే తెలుస్తుంది.

ముందు విషయం ఏమిటో చూద్దాం. 2022 ఫిబ్రవరి 22న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఇటుక బట్టీలకు కొత్త ప్రమాణాలు ప్రకటించింది. పాత బట్టీలు జిగ్‌జాగ్ పద్ధతికి గానీ, నిలువు బట్టీకి గానీ మారాలి, లేదంటే పైపుల ద్వారా వచ్చే సహజ వాయువును ఇంధనంగా వాడాలి. గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోలేని నగరాలకు పది కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి ఒక ఏడాది, మిగతావాటికి రెండేళ్లు గడువు ఇచ్చారు. చిమ్నీలోంచి వచ్చే ధూళి ఘనపు మీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదు. బట్టీకీ జనావాసానికీ మధ్య కనీసం 0.8 కిలోమీటర్ల దూరం ఉండాలి. ఈ దూరం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఉత్తర భారతంలో చాలాకాలంగా నడుస్తున్నది బుల్స్ ట్రెంచ్ బట్టీ. బుల్ అనే బ్రిటిష్ ఇంజినీరు 1876లో తయారుచేసిన నమూనా. కోడిగుడ్డు ఆకారంలో ఒక కందకం, నడుమ చిమ్నీ. కందకం నిండా పచ్చి ఇటుకలు పేరుస్తారు. నిప్పు ఒకచోట ఆగదు, ఇటుకల వరుసల్లో రోజుకు కొంత దూరం చొప్పున ముందుకు కదులుతుంది. వెనక చల్లారిన ఇటుకలు తీస్తుంటారు, ముందు కొత్తవి పేరుస్తుంటారు. సీజన్ మొదట్లో అంటుకున్న నిప్పు చాలా బట్టీల్లో సీజన్ చివరిదాకా ఆరదు. లోపం ఎక్కడంటే గాలి వరుసల మధ్య తిన్నగా దూసుకుపోతుంది, బొగ్గును కొన్ని నిమిషాలకోసారి పారలతో గుమ్మరిస్తారు. వేసిన బొగ్గంతటికీ ఒక్కసారిగా సరిపడా గాలి అందదు. సగం మండి సగం మండని బొగ్గు నల్లటి పొగై పైకి పోతుంది. ఆ పొగ అంటే యజమాని డబ్బు, చుట్టుపక్కల వాళ్ల ఊపిరితిత్తులు.

జిగ్‌జాగ్‌లో పెద్ద యంత్రమేమీ ఉండదు. ఇటుకలు పేర్చే తీరు మారుతుంది, అంతే. గాలి తిన్నగా పోకుండా పాములా వంకర్లు తిరుగుతూ పోయేలా గదులు గదులుగా పేరుస్తారు. దారి పొడవవుతుంది, గాలి బొగ్గుతో బాగా కలుస్తుంది, వేడి ఇటుకలకు ఎక్కువగా అందుతుంది. గాలిని లాగడానికి ఫ్యాను పెడతారు, లేదా ఎత్తైన చిమ్నీయే ఆ పని చేస్తుంది. బొగ్గును గుమ్మరించకుండా పొడి చేసి కొంచెం కొంచెంగా, ఆపకుండా వేయాలి. సరిగ్గా నడిపితే పాత పద్ధతి కన్నా సుమారు 20 శాతం బొగ్గు తగ్గుతుంది. ధూళి అంతకన్నా చాలా ఎక్కువగా తగ్గుతుంది. ఒకటో రకం ఇటుకల వాటా పెరుగుతుంది.

సరిగ్గా నడిపితే అన్నాను కదా, అసలు విషయమంతా ఆ మాటలోనే ఉంది. బంగ్లాదేశ్‌లో చాలా బట్టీలు పేరుకు జిగ్‌జాగ్‌కు మారాయి గానీ పొగ తగ్గలేదు. ఎందుకో తెలుసుకోవడానికి అక్కడ 276 బట్టీల మీద ఒక ప్రయోగం చేశారు. ఫలితాలు 2025లో సైన్స్ పత్రికలో వచ్చాయి. కొత్తగా ఏమీ కట్టలేదు. ఇటుకలు ఎలా పేర్చాలో, బొగ్గు ఎలా వేయాలో, పైన బూడిద పొర మందంగా వేసి వేడి ఎలా ఆపాలో, రంపపు పొట్టు లాంటివి ఎలా కలపాలో శిక్షణ ఇచ్చారు. శిక్షణ పొందిన బట్టీల్లో 65 శాతం ఈ మార్పులు పాటించాయి. పాటించిన చోట ఇంధనం 23 శాతం తగ్గింది.

ఈ అధ్యయనాన్ని వాతావరణ మార్పు కోణంలో చాలామంది మెచ్చుకున్నారు. నాకు అందులో వేరే సంగతి కనపడింది. డిజైన్ కాగితం మీద ఉండదు, పేర్చేవాడి చేతుల్లో ఉంటుంది. ఇటుకకూ ఇటుకకూ మధ్య ఎన్ని వేళ్ల సందు వదలాలి, ఏ వరుస దగ్గర దారి మలపాలి, మంట రంగు చూసి ఎంత బొగ్గు వేయాలి, ఇవన్నీ తెలిసినవాడు ఇంజినీరు కాదు. అయినా మన దగ్గర బట్టీ కూలి అనగానే నైపుణ్యం లేని పని అన్న ముద్ర సిద్ధంగా ఉంటుంది. వెయ్యి డిగ్రీల మంట మీద చెక్క చెప్పులు వేసుకుని నడుస్తూ, రంధ్రం మూత తీసి లోపలి రంగును బట్టి వేడిని అంచనా కట్టేవాడి జ్ఞానాన్ని ఏ పట్టికలో రాశాం? కింది కులాల చేతిలో ఉన్న పనితనాన్ని పనితనంగా గుర్తించకపోవడం మనకు కొత్త కాదు. తోలు విషయంలో, డప్పు విషయంలో జరిగిందే ఇక్కడా జరుగుతోంది.

నిప్పు వేసేవాళ్లకు కొత్త పద్ధతి ఇంకో మార్పు తెచ్చింది. పాత పద్ధతిలో ఒక విడత వేశాక కాసేపు పక్కకు జరిగి కూర్చోవచ్చు. ఇప్పుడు ఒకరు ఎప్పుడూ బొగ్గు వేస్తూనే ఉండాలి. పొగ తగ్గడం వాళ్లకూ మంచిదే, కాదనను. కానీ ఆ పొగను తగ్గించింది వాళ్ల విశ్రాంతి అన్న సంగతి ఏ నివేదికలోనూ ఖర్చు కింద కనపడదు.

ఇక డబ్బు లెక్క చూద్దాం. సీజన్‌కు యాభై లక్షల ఇటుకలు కాల్చే బట్టీ అనుకోండి. లక్ష ఇటుకలకు పదిహేను టన్నుల బొగ్గు చొప్పున 750 టన్నులు. అందులో 20 శాతం అంటే 150 టన్నులు మిగులుతాయి. టన్ను పది వేల రూపాయలని అనుకుంటే పదిహేను లక్షలు. వెయ్యి ఇటుకలకు మూడు వందల రూపాయలు. ధరలు అటూ ఇటూ అవుతాయి, ఇది కేవలం అంచనా కోసం వేసిన లెక్క. దీనికి తోడు ఒకటో రకం ఇటుకలు పెరగడం వల్ల వచ్చే లాభం వేరే. మార్పుకు పెట్టిన ఖర్చు ఒకటి రెండు సీజన్లలో తిరిగొస్తుందని ఈ రంగంలోవాళ్లే చెబుతారు. ఆ తర్వాత ప్రతి ఏడూ మిగిలేదంతా మిగులే.

వెయ్యి ఇటుకలకు మూడు వందలు. ఇటుకలు కోసే కుటుంబానికి కూలి లెక్కగట్టేదీ వెయ్యికి ఇంత అనే. అందుకే ఆ సంఖ్యను వెయ్యి లెక్కన చెప్పాను. మిగిలిన బొగ్గులోంచి పేర్చినవాడికి, కోసినవాళ్లకు వాటా ఎంత? రాయితీ రుణాల గురించి, సాంకేతిక సాయం గురించి, గడువు పొడిగింపుల గురించి చర్చ ఉంది. ఈ ప్రశ్న మాత్రం ఎక్కడా లేదు.

బట్టీలో ఎక్కువ మంది చేసే పని కాల్చడం కాదు, కోయడం. ఆ పని దగ్గరికి ఏ డిజైనూ రాలేదు. తెలంగాణలో పెద్దపల్లి చుట్టుపక్కల, హైదరాబాద్ శివార్లలో బట్టీలకు ఒడిశా నుంచి, ముఖ్యంగా బలంగీర్, నువాపడ, కాలహండి, బర్‌గఢ్ జిల్లాల నుంచి కుటుంబాలు వస్తాయి. ఎక్కువ మంది దళితులు, ఆదివాసులు. నువాఖాయ్ పండుగ అయ్యాక సర్దార్లు ఊళ్లలోకి దిగి అడ్వాన్సులు పంచుతారు. అక్కడ దీన్ని దాదన్ అంటారు. అడ్వాన్సు ఒక మనిషికి ఇవ్వరు, ఒక జట్టుకు ఇస్తారు. జట్టు పేరు పథురియా. జట్టంటే మగడు, పెళ్లాం, చేతికి అందివచ్చిన ఒకరిద్దరు పిల్లలు. కాంటాబంజి స్టేషన్‌లో రైలెక్కేటప్పటికే ఆ పిల్లల పని అమ్ముడైపోయి ఉంటుంది.

రాత్రి మట్టి నానబెట్టి తొక్కడం, తెల్లవారకముందే లేచి అచ్చు పట్టడం, పొద్దెక్కాక ఎండుతున్న ఇటుకలను తిరగేయడం. తిరగేసేది పిల్లలు. పచ్చి ఇటుక మీద వాళ్లు నడిచినా అది విరగదు, బరువు తక్కువ కదా అని ఒక బట్టీలో నాకు మామూలు విషయంలా చెప్పారు. ఒక్క ఇటుక సుమారు మూడు కిలోలు. వెయ్యి ఇటుకలంటే మూడు టన్నుల మట్టి వాళ్ల చేతుల మీదుగా పోయినట్టు. వాన పడి పచ్చి ఇటుకలు కరిగిపోతే ఆ నష్టం చాలాచోట్ల కోసినవాళ్లదే, ఎందుకంటే లెక్క నిలిచిన ఇటుకకే. పదిహేను లక్షలు మిగిల్చే డిజైన్ గురించి మాట్లాడేవాళ్లు, ఆరబెట్టే జాగా మీద ఒక కప్పు వేయడం కూడా డిజైనేనని ఎందుకు అనుకోరు?

కూలి లెక్క పుస్తకంలో మగవాడి పేరే ఉంటుంది. పంజాబ్ బట్టీల మీద 2017లో వచ్చిన యాంటీ స్లేవరీ ఇంటర్నేషనల్ నివేదికలో మాట్లాడిన మగవాళ్లలో 96 శాతం అడ్వాన్సు తీసుకునే పనిలోకి వచ్చారు. ఆడవాళ్ల పని కుటుంబం లెక్కలో కలిసిపోయింది. చట్టం దీన్ని ఏమంటుందో సందేహం అక్కర్లేదు. 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం అడ్వాన్సు కోసం కదలలేని పనిలో కట్టేయడాన్నే వెట్టి అంటుంది. 1982లో ఆసియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన నిర్బంధ శ్రమేనని చెప్పింది. 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో, నిర్బంధ శ్రమ అని తేలితే దాని వెనక అడ్వాన్సు ఉందనే కోర్టు భావిస్తుందని, కాదని రుజువు చేసుకోవాల్సింది యజమానేనని చెప్పింది. ఇంత స్పష్టంగా ఉన్నా, 2013 డిసెంబరులో కాలహండి కూలీలు ఇద్దరి కుడి చేతులను అడ్వాన్సు గొడవలో నరికేశారు.

ఇప్పుడు ఆ 0.8 కిలోమీటర్ల సంగతికి వద్దాం. జనావాసానికి బట్టీ అంత దూరంలో ఉండాలన్నారు. మంచిదే. కానీ బట్టీ ఆవరణలోనే, కోసిన ఇటుకలనే మట్టి లేకుండా పేర్చి, పైన రేకో ప్లాస్టిక్ పట్టానో కప్పుకుని ఆరేడు నెలలు బతికే వందలాది కుటుంబాలది జనావాసం కాదా? పసిపిల్లలు, గర్భిణులు అక్కడే పడుకుంటారు, అక్కడే వండుకుంటారు. ఊళ్లో ఇళ్లను, పండ్లతోటలను కూడా దూరం లెక్కలో పెట్టిన నోటిఫికేషన్, ఇటుక తీసుకెళ్లే లారీ మీద పట్టా కప్పాలని చెప్పిన నోటిఫికేషన్, ఈ గుడిసెలకు ఎంత దూరమో చెప్పలేదు. మామిడిచెట్టుకు ఉన్న రక్షణ ఈ మనుషులకు లేదు. ఊరికి దూరంగా ఉండే వాడను మనం ఎరుగుదుం. ఇక్కడ వాడ పొగకు దగ్గరగా ఉంది, ఊరు దూరంగా ఉంది.

మన రాష్ట్రాల్లో ఇది ఇంకా ముదిరిన సమస్య. దక్షిణాదిలో చాలా బట్టీలకు అసలు చిమ్నీయే ఉండదు. పచ్చి ఇటుకలనే గుట్టగా పేర్చి, మధ్యలో కట్టెలో, ఊకో, బొగ్గు పొడో పెట్టి, చుట్టూ మట్టి మెత్తి కాలుస్తారు. పొగ పైకి పోదు, మనిషి ఎత్తులో పారుతుంది. బొగ్గు లెక్కన చూసినా ఈ పద్ధతిలో వృథా ఎక్కువే. చిమ్నీ లేని చోట చిమ్నీలోని ధూళిని కొలిచే ప్రమాణం ఏం చేస్తుంది? డిజైన్ మార్పు అవసరం ఇక్కడే ఎక్కువ, ఆ మాట నేను గట్టిగానే అంటాను. కార్మికుల తరఫున మాట్లాడేవాళ్లం సాంకేతికతను అనుమానంగా చూసి పక్కన పెడితే నష్టపోయేది ఆ పొగలో పడుకున్న పిల్లలే.

అలాగని మట్టి ఇటుకనే నిషేధించి, కాల్చక్కర్లేని ఫ్లైయాష్ ఇటుకకు మారిపోదామనే పర్యావరణవాదుల మాట కూడా అంత తేలిక కాదు. ఇటుక కోయడం కాపాడుకోవాల్సిన వృత్తి అని నేను అనడం లేదు. మా అమ్మమ్మ రెండు ఎండాకాలాలు ఇటుకలు మోసింది, ఆ పని గురించి ఆమె ఒక్క మంచి మాట చెప్పగా వినలేదు. కానీ కాలుష్యం పేరుతో సీజన్ మధ్యలో బట్టీ ఆపితే యజమాని బొగ్గు ఆగుతుంది, కూలీ అడ్వాన్సు ఆగదు. పని దినాలు తగ్గి, అప్పు వచ్చే ఏడాదికి మోసుకుపోతుంది. మూసివేత ఆదేశం ఇచ్చిన రోజే ఆ బట్టీలోని కుటుంబాలను వెట్టి నుంచి విడుదలైనవారిగా గుర్తించి, విడుదల పత్రాలు ఇచ్చి, కేంద్ర పునరావాస పథకం కింద మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు రెండు లక్షలు ఎందుకు ఇవ్వకూడదు? రెండు శాఖలు ఒకే రోజు ఒకే బట్టీకి వెళ్లడానికి ఏ చట్టం అడ్డొస్తుంది?

ఇక్కడ విద్యార్థులు, కార్యకర్తలు చేయగల పని ఒకటుంది. బట్టీ నడపడానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రం ఇస్తుంది, అందులో షరతులు రాస్తుంది. మీ జిల్లాలో ఎన్ని బట్టీలకు ఆ పత్రం ఉందో, ఎన్ని కొత్త పద్ధతికి మారాయో సమాచార హక్కు చట్టం కింద అడగండి. అదే బట్టీల పేర్లతో కార్మిక శాఖకు ఇంకో దరఖాస్తు పెట్టి, కూలీల రిజిస్టరు, కనీస వేతనాల తనిఖీ వివరాలు అడగండి. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టండి. ఒక దాంట్లో ఉన్న బట్టీ రెండో దాంట్లో లేకపోతే మీ ఫిర్యాదు అక్కడ మొదలవుతుంది. అనుమతి పత్రం షరతుల్లో గుడిసెలకు దూరం, ఆరబెట్టే జాగాకు కప్పు, తాగునీరు, ఆడవాళ్ల పేరు మీద వేరే కూలి లెక్క చేర్చాలని మండలికి రాయండి. షరతులు రాసే అధికారం దానికి ఉంది. చిమ్నీ ఎత్తు ఎంతుండాలో రాస్తున్న ఆ పత్రంలోనే గుడిసె ఎంత దూరంలో ఉండాలో కూడా రాయవచ్చు.

ఆ సదస్సు నిర్వాహకులకు తర్వాత ఉత్తరం రాశాను. ఆ అడ్డుకోత బొమ్మ ప్రతి ఒకటి పంపమని, దాని మీద నేను గుడిసెలు గీసి తిరిగి పంపుతానని. బొమ్మ పంపారు. గీసి పంపాను. కొలతలు వేయడానికి మాత్రం ఆ కాగితం అంచు సరిపోలేదు, గుడిసెలు అంత దగ్గరగా ఉన్నాయి కాబట్టి కింద ఇంకో కాగితం అంటించి పెద్ద కొలతలో మళ్లీ గీయాల్సి వచ్చింది.