మేరియో ఆటలలో మేటి యేది?

సికింద్రాబాదు రైలుస్టేషనుకు చేరువనే రెజిమెంటల్ బజార్ కలదు. సైనిక దళముల పేర వెలసిన పాతపేట అది. ఇట్టి పేటల యిండ్లలో మేరియో ఆటలను గూర్చి వాదము రేగినచో త్వరగా తెగదు. 1990వ దశకమున ఆటపెట్టెను టీవీకి తగిలించి, క్యాసెట్టు పెట్టి ఆడిన మేనమామ మొదటి ఆటయే గొప్పదనును. క్రొత్తదానికి సాటి లేదని మేనల్లుడనును. ఎవరి చిన్ననాటి ఆట వారికి ప్రియము. కాని ప్రియము వేఱు, శ్రేష్ఠము వేఱు.

జపాను దేశమందలి క్యోటో నగరమున 1889లో పేకముక్కలు చేయుటకై వెలసిన సంస్థ నింటెండో. అందు మియమోతో షిగెరు, తెజుకా తకాషి మొదలగువారు రూపొందించిన ‘సూపర్ మేరియో బ్రదర్స్’ 1985లో వెలువడెను. అరుగు నుండి అరుగునకు దూకుచు సాగుటయే ఆట. అది యంతయు 40 కిలోబైట్లలో ఇమిడినది. చోటు చాలక మబ్బునకును పొదకును ఒకే బొమ్మను వాడి, రంగు మాత్రము మార్చిరి. ఆట మొదలు కాగానే శత్రువొకడు ఎదురుగా నడచివచ్చును. దూకనివాడు ఓడును, మరల మొదలిడి దూకుట నేర్చును. ఒక్క మాటయు పలుకక ఆట పాఠము చెప్పును.

1986లో జపానున వచ్చిన రెండవ ఆట ఇంతకన్న కఠినమైనది. అందు విషపు పుట్టగొడుగులు కలవు; ముందునకు చేర్చునని నమ్మిన దారి వెనుకకు త్రోయుటయు కలదు. కఠినమైనదే గొప్పదని కొందఱందురు. అది సరికాదు. తప్పు ఎచ్చట జరిగినదో తెలుపు కష్టము గురువు వంటిది. నమ్మించి పడద్రోయు కష్టము వంచకుని వంటిది.

1988 నాటి మూడవ ఆటయందు గురుత్వమును స్వేచ్ఛయు కలిసినవి. మొదటి ఆటలో దాటిన చోటికి మరలిపోవుట సాధ్యము కాదు. ఇందు పెక్కు చోట్ల వెనుకకు పోయి వెదుకవచ్చును. తోక ధరించిన మేరియో గాలిలోనికి ఎగురును. అయితే ముందు పరుగెత్తి వేగము చేకూర్చుకొనవలెను. శ్రమ ముందు, ఆనందము పిదప. 1996 నాటి ‘సూపర్ మేరియో 64’ ఆ లోకమునకు లోతును కల్పించెను. సాహసమున దానిదే అగ్రస్థానము. కాని చూపు తిరుగు తీరు ఒక్కొక్కప్పుడు దూకువానికే అడ్డగును. 2017 నాటి ‘ఒడిస్సీ’లో పడినవానికి పది నాణెముల నష్టమే. దానివలన పసివారు వెఱపు లేక వెదుకుదురు. కాని భయము తగ్గినకొలది దాటిన సంతోషమును కొంత తగ్గును.

కావున మూడవ ఆటకే మేటి స్థానము తగును. ఇది కాదనువారును ఉందురు. వారు కారణము చూపినచో వాదమునకు విలువ కలుగును. 1985 నాటి పనిని 2017 నాటి రంగులతో కొలుచుట అన్యాయము; క్రొత్తదానిని ఆడకయే తృణీకరించుటయు అంతే. ఏ కాలమున, ఎంత సాధనముతో, ఎంత సాధించినదో చూచి చెప్పినదే తీర్పు. ఆటలను ఇట్లు తూచ నేర్చినవాడు పుస్తకములను, మనుష్యులను సైతము తొందరపడక తూచగలడు.