రాళ్ళ సభకు ఊరి పిలుపు



భాషాపండితునికి భూగర్భశాస్త్రంతో ఏమి పని అని మీలో కొందరికి సందేహం కలుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. నన్ను ఆ శాస్త్రం వైపు లాగినవి అందులోని పేర్లు. గండికోట, పులివెందుల, తాడిపత్రి, వేంపల్లె, కంభం, నగరి, శ్రీశైలం, బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. ఈ వరుస చదివితే ఏ బస్సు నిలయంలోనో ప్రకటన విన్నట్లు ఉంటుంది. కాని భూగర్భ శాస్త్రజ్ఞులు కడప, కర్నూలు శిలాసముదాయాలలోని పొరలకు పెట్టుకున్న పేర్లు ఇవి. బనగానపల్లె అనగానే మనకు మామిడిపండు స్ఫురిస్తుంది. వారికి వజ్రాలు దొరికే ఒక శిలాస్తరం స్ఫురిస్తుంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలలను గురించి గ్రంథం వెలువరించినారు. ఆనాటి నుండి మన ఊళ్ళ పేర్లు ప్రపంచ శాస్త్ర వాఙ్మయంలో సంచరిస్తూనే ఉన్నవి. ఆ ఊళ్ళవారికి మాత్రం ఆ సంగతి అందలేదు. ఈ టపాకు కారణం అదే.

భూగర్భ శాస్త్రజ్ఞుల సదస్సుకు, తక్కిన సదస్సులకు ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. వీరి ప్రయోగశాల కొండ. కొండను సభామందిరానికి తేవడం సాధ్యం కాదు గనుక సభే కొండ వద్దకు కదలి వెళుతుంది. సదస్సుకు ముందు కొన్ని, తరువాత కొన్ని క్షేత్రయాత్రలు ఏర్పాటు చేస్తారు. యాత్రకొక మార్గదర్శిని అచ్చు వేస్తారు. ఎక్కడ బస్సు ఆగుతుందో, అక్కడ ఏ పొర మీద ఏ పొర ఉన్నదో, దానిని గురించి ఎవరెవరు ఏమేమి వాదించినారో అందులో ఉంటుంది. రాతిని ముందు పెట్టుకొని వాదించుకుంటే, పత్రాలలో ఏళ్ళ తరబడి తెగని తగవు ఒక పూటలో కొలిక్కి రావచ్చును.

ఈ సభలలో పెద్దది అంతర్జాతీయ భూగర్భశాస్త్ర మహాసభ. మొదటిది 1878లో పారిస్ నగరంలో జరిగింది. మన దేశంలో 1964లో ఢిల్లీలో జరిగిన ఇరువది రెండవ మహాసభ ఆసియా ఖండంలోనే తొలిది. మళ్ళీ మనకు ఆ అవకాశం 2020 మార్చిలో రావలసి ఉండగా కరోనా అడ్డుపడింది. వాయిదాల మీద వాయిదాలు పడి, చివరకు 2022 మార్చి 20 నుండి 22 వరకు అంతర్జాలంలోనే సభ ముగిసింది. దేశం నలుమూలలా తలపెట్టిన క్షేత్రయాత్రల సన్నాహం వృథా అయింది. ఆనాటి పరిస్థితిలో అంతకు మించి చేయగలిగినదీ లేదు. అయినా తెర మీద రాతి బొమ్మ కనబడుతుందే గాని, దాని గరుకుదనం చేతికి తగలదు గదా!

తెలుగుగడ్డకు ఇటువంటి సభలు కొత్త కావు. 1994 జనవరిలో తొమ్మిదవ అంతర్జాతీయ గోండ్వానా సదస్సు హైదరాబాదులోనే జరిగింది. 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆ నగరంలోనే ఉన్నది. భూగర్భ సర్వేక్షణవారి శిక్షణ సంస్థ కూడా అక్కడే ఉన్నది. కాబట్టి మన ప్రాంతపు శిలల మీదనే మరొక అంతర్జాతీయ సదస్సు పెట్టుకోవడం అత్యాశ కాదు. పెట్టుకున్నప్పుడు దానిని ఎట్లా నడపాలి అన్నది నా విచారం. శాస్త్రం వారిది. విద్యార్థులను విహారయాత్రలకు తీసుకొని వెళ్ళిన ఉపాధ్యాయునిగా యాత్ర సంగతి మాత్రం నాకూ కొంత తెలుసు.

మొదటి మాట కాలం గురించి. రాయలసీమలో మే నెల మధ్యాహ్నం నాపరాళ్ళ గనిలో నిలబడి ఉపన్యాసం వినగలవారు అరుదు. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకే ఈ యాత్రలకు అనువు. రోజుకు పది మజిలీలు పెడితే చూచేది బస్సు కిటికీనే, నాలుగైదు చాలును. ప్రతి మజిలీకి ముందే నీడ, తాగునీరు, స్త్రీలకు మరుగు వసతి చూచుకోవాలి. నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం గనుక అటవీశాఖ అనుమతి చివరివారంలో అడిగితే దొరకదు. రక్షిత స్థలాలలో సుత్తి సంచిలోనే ఉండాలన్న నియమం మార్గదర్శిని మొదటి పుటలోనే అచ్చు వేయాలి. చేతిలో సుత్తి ఉన్న శాస్త్రజ్ఞునికి నిగ్రహం కష్టమని వారే నవ్వుతూ చెప్పుకుంటారు.

రెండవ మాట నాకు ముఖ్యమైనది. ఆ మార్గదర్శిని తెలుగులోనూ రావాలి. అందులో శాస్త్రనామాల పక్కన మన జనం పిలిచే పేర్లు ఉండాలి. ఓబులవారిపల్లె దగ్గరి మంగంపేటలో ప్రపంచ ప్రసిద్ధమైన బెరైటీస్ నిక్షేపం ఉన్నది. అక్కడివారికి అది ముగ్గురాయి. ఆస్‌బెస్టాస్‌కు రాతినార అన్న చక్కని మాట ఉన్నది. క్వార్ట్‌జ్ అంటే పలుగురాయి. మెరిసే అభ్రకాన్ని పిల్లలు కాకిబంగారం అంటారు. ఇవి ఏ సంఘమూ కూర్చుండి కల్పించినవి కావు. గడ్డపార పట్టిన చేతులు పెట్టిన పేర్లు.

దీనికొక ఆక్షేపణ ఉన్నది. జనం మాట నిర్దిష్టం కాదనీ, ముగ్గుపిండినిచ్చే రాయి అన్నిచోట్లా ఒకటే కాదనీ శాస్త్రజ్ఞులు అంటారు. నిజమే. అందుకు ఉపాయం మన నిఘంటుకారులు ఎప్పుడో చూపినారు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం వెలువరించినప్పుడు, ఏ మాట ఏ ప్రాంతంలో వాడుకలో ఉన్నదో సూచించే పద్ధతిని పాటించినారు. రాళ్ళకూ అదే చేయవచ్చును. శాస్త్రనామం ముందు, ఊరి పేరుతో సహా జనం మాట తరువాత. అప్పుడు గందరగోళానికి తావు ఉండదు. పైగా ఏ రాయి ఎక్కడ ఏ పనికి వచ్చిందో తెలిసి చరిత్రకూ ఉపకరిస్తుంది.

మూడవ మాట. ప్రతి బస్సులో రెండు ఆసనాలు ఆ ప్రాంతపు బడిపంతుళ్ళకు కేటాయించాలి. ఖర్చు స్వల్పం, ఫలం అధికం. మార్కాపురం పలకల మీద మన తరంలో ఎందరో ఓనమాలు దిద్దుకున్నారు. ఆ పలకరాయి కంభం శిలాస్తరానికి చెందినదని ఏ వాచకంలోనైనా చదివినామా? తిరుమల శిలాతోరణం చూడని యాత్రికుడు అరుదు. కాని అదే కొండకు వెళ్ళే ఘాట్ రోడ్డు పక్కన అడుగున ఉన్న ప్రాచీన శిలకు, దానిపై కూర్చున్న నగరి శిలకు నడుమ పదుల కోట్ల సంవత్సరాల ఎడం ఉన్నదనీ, దానిని కంటితో చూడవచ్చుననీ ఎందరికి తెలుసు? విదేశీయులు విమానమెక్కి వచ్చి చూచే దానిని మనం కునుకు తీస్తూ దాటిపోతున్నాము. దూరపు కొండలు నునుపు అన్నారు. దగ్గరి కొండలకు ఆ మాత్రం గౌరవమూ లేదు.

ఇదంతా భాషాభిమానంతో అంటున్న మాట మాత్రమే అనుకోకండి. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలు, భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో చేరినవి. సంతోషమే, కాని జాబితా కాపలా కాయదు. శాస్త్రజ్ఞుల బస్సు సాయంకాలానికి వెళ్ళిపోతుంది. మరునాడు మట్టి తవ్వడానికి యంత్రం వస్తే అడ్డుచెప్పవలసినది ఆ ఊరివారే. ఆ మట్టి ఏమిటో వారికి వారి భాషలో ఎవరూ చెప్పకపోతే దేనిని కాపాడమని వారిని అడుగుతాము? వేల ఏళ్ళుగా గాలీ నీరూ పోగుచేసిన దిబ్బ ఒక్క వారంలో చదునైపోతుంది. మళ్ళీ సదస్సు పెట్టుకోవచ్చును గాని, మళ్ళీ దిబ్బను పెట్టలేము.

మిత్రులకు ఒక విన్నపం. మీ ఊరి చుట్టుపక్కల రాళ్ళకు, మట్టికి, గుట్టలకు పెద్దలు వాడే పేర్లు వ్రాసి పంపండి. ఊరి పేరు, ఆ రాయి దేనికి వాడతారు అన్నది తప్పక చేర్చండి. నూరు మాటలు పోగైనా చాలు, రేపు ఏ సదస్సువారో మార్గదర్శిని వ్రాయబూనినప్పుడు వారి చేతిలో పెట్టవచ్చును. నా వంతుగా పైన నాలుగు మాటలు వ్రాసినాను. ఐదవది మీది.

స్వస్తి.