బస్సు ఎక్కడుంది?

అఫ్జల్‌గంజ్ బస్టాపుకు కొత్తగా ఎవరొచ్చినా మొదట అడిగే మాట ఒకటే: ‘అన్నా, చార్మినార్ బస్సు పోయిందా?’ పక్కనున్నాయనకు తెలిస్తే చెప్తాడు, లేకపోతే తనూ దానికోసమే చూస్తున్నానంటాడు. జిల్లాల నుంచి వచ్చి ఇమ్లీబన్‌లో దిగి ఉస్మానియా ఆసుపత్రిలో చూపించుకున్నవాళ్లు, మదీనాలో పెళ్లిబట్టలు కొన్నవాళ్లు, షాపుల్లో పని ముగించుకున్న అమ్మాయిలు అందరూ ఒకే వైపు మెడలు చాచి నిలబడతారు. బస్సు తొంగిచూడగానే కళ్లు బాగా ఆనేవాళ్లెవరో అద్దం మీది నంబరు గట్టిగా చదువుతారు. తక్కినవాళ్లు మూటలతో పరుగు తీస్తారు.

ఈ నిరీక్షణ తగ్గించడానికి పాతబస్తీలో రోడ్లు వెడల్పు చేద్దామంటే కుదిరే పని కాదు. 1591లో చార్మినార్ చుట్టూ వెలసిన నగరం నడిచేవాళ్లకూ గుర్రాలకూ పల్లకీలకూ సరిపోయిన నగరం. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టి బాటను విశాలం చేసి రెండు పక్కలా రాతి కమానుల కింద దుకాణాల వరుస కట్టించింది. ఈనాడు ఆ వరుసే కాపాడుకోవాల్సిన వారసత్వమైంది. 1932లో నిజాం ప్రభుత్వ రోడ్డు రవాణా శాఖ మొదలైనప్పుడు దాని దగ్గరున్న బస్సులు 27. ఈ తొంభై ఏళ్లలో బస్సులూ జనమూ ఎన్నో రెట్లు పెరిగినా చార్ కమాన్ల మధ్య వెడల్పు పెరగలేదు. పెరగకూడదు కూడా. చంద్రాయణగుట్ట దాకా వేయదలచిన 7.5 కిలోమీటర్ల మెట్రో దారి కోసం ఎన్ని ఇళ్లూ దుకాణాలూ పోతున్నాయో అక్కడివాళ్లను అడిగితే తెలుస్తుంది.

మరి ఉన్న రోడ్డులోనే ఏం చేయొచ్చు? స్విట్జర్లాండ్‌లోని జూరిక్ కూడా సందుగొందుల పాత నగరమే. అక్కడి ప్రజలు 1973లో ఓటు వేసి భూగర్భ రైలు వద్దన్నారు. 1977లో మళ్లీ ఓటు వేసి, ఉన్న ట్రాములనూ బస్సులనూ వేగంగా నడపడానికి 20 కోట్ల ఫ్రాంకులు ఖర్చుపెట్టమన్నారు. ఆ తర్వాత అక్కడ జరిగిన మార్పుల్లో ముఖ్యమైనది సిగ్నళ్లది. ట్రాము వస్తున్నదని కూడలికి ముందే కబురు అందుతుంది, అది చేరే వేళకు పచ్చలైటు పడుతుంది. అరవైమందిని మోస్తున్న బండికి ఒక్కరున్న కారు కన్నా ముందు దారి ఇవ్వాలన్న న్యాయం ఆ ఏర్పాటులో ఉంది. ఆ న్యాయం మన నగరాలకు ఇంకా ఒంటబట్టలేదు.

మన దగ్గరా పని మొదలవకపోలేదు. బస్సు ఎక్కడుందో ఫోనులో చూపే ‘గమ్యం’ యాప్‌ను ఆర్టీసీ 2023 ఆగస్టులో తెచ్చింది. బస్సులో అమర్చిన పరికరం ఉపగ్రహాల సాయంతో తన చోటు తెలుసుకుని, మొబైల్ నెట్‌వర్క్ ద్వారా కంట్రోల్ రూముకు పంపుతుంది. మెచ్చుకోదగ్గ పని. అయితే ఇలాంటి ఏర్పాటు నమ్మకంగా నడవాలంటే యంత్రం కన్నా ముందు డిపో సరిగ్గా పనిచేయాలి. ఒక బండి పాడై దాని బదులు మరో బండిని రూటు మీదికి పంపినప్పుడు, ఆ మార్పును అప్పటికప్పుడు కంప్యూటరులో ఎక్కించాలి. ఎక్కించకపోతే రాని బస్సు ఫోనులో వస్తూ ఉంటుంది, వచ్చే బస్సు కనిపించదు. రెండుసార్లు అలా మోసపోయిన ప్రయాణికుడు మూడోసారి యాప్ తెరవడు, ఆటో ఎక్కుతాడు. అందుకే తెల్లవారుజామున డ్యూటీలు వేసే ఉద్యోగికి ఆ పనికి తగిన సమయమూ శిక్షణా ఇవ్వాలి. పరికరాలు కొన్నంత శ్రద్ధ దీనిమీదా పెట్టాలి.

గంటసేపు ఒక్కటీ రాక, తర్వాత రెండు మూడు బస్సులు వెంటవెంటనే రావడం అందరికీ అనుభవమే. జనం దాన్ని డ్రైవర్ల నిర్లక్ష్యమనుకుంటారు. కానీ అసలు కారణం వేరు. ముందు బస్సు కాస్త ఆలస్యమైతే ప్రతి స్టాపులోనూ ఎక్కువమంది పోగవుతారు, వాళ్లు ఎక్కేసరికి ఇంకా ఆలస్యమవుతుంది. వెనక బస్సుకు జనం తక్కువై త్వరత్వరగా వచ్చి దాన్ని అందుకుంటుంది. బస్సులన్నీ ఎక్కడున్నాయో కంట్రోల్ రూములో కనిపిస్తుంటే, వెనక బండిని ఒక స్టాపులో రెండు నిమిషాలు ఆపమని డ్రైవరుకు చెప్పొచ్చు. ఆ రెండు నిమిషాలు రూటంతా సర్దుకోవడానికి పనికొస్తాయి.

ఇంకో మాట. సమాచారం స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్ల దగ్గరే ఆగిపోకూడదు. ఉస్మానియాకు వచ్చే పేదలకు యాప్ దించుకునే ఓపిక ఎక్కడిది? అఫ్జల్‌గంజ్, కోఠి, చార్మినార్ స్టాపుల్లో తెలుగులోనూ ఉర్దూలోనూ పెద్ద అక్షరాల బోర్డులు వెలగాలి. అక్షరాలు రానివారి కోసం, చూపు ఆననివారి కోసం రైల్వే స్టేషన్లలో లాగా మాట వినిపించాలి. అఫ్జల్‌గంజ్ నుంచి చార్మినార్‌కు రెండు కిలోమీటర్లయినా ఉండదు. నయాపుల్ దాటాక వచ్చే సిగ్నళ్లలో బస్సుకు ముందుదారి ఇవ్వడాన్ని ఈ చిన్న ముక్కలోనే పరీక్షించి చూడొచ్చు.

ఇక, 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత ప్రయాణ పథకం కింద మహిళలకు కండక్టరు జీరో టికెట్ కొడుతున్నాడు. డబ్బు లేని టికెట్ అయినా దాన్ని ఏ స్టేజీలో, ఏ వేళకు ఇచ్చారో టికెట్లు కొట్టే టిమ్ యంత్రంలో నమోదవుతుంది. ఎంత జనం ఎప్పుడు ఎక్కడి నుంచి కదులుతున్నారో చెప్పే పెద్ద లెక్క ఇది. దాన్ని ప్రభుత్వానికి పంపే బిల్లుకే పరిమితం చేయకుండా, రంజాన్ నెలలో చార్మినార్ బజారు అర్ధరాత్రి దాకా తెరిచి ఉండే రోజుల్లో, మామూలు రోజుల్లో మదీనా దుకాణాలు మూసే వేళకు ఎన్ని ట్రిప్పులు వేయాలో తేల్చడానికి డిపో మేనేజర్ల చేతికి ఇవ్వాలని ఆర్టీసీని కోరుతున్నాం.