హెచ్‌ఐవీ పోస్టరు ఎవరితో మాట్లాడుతోంది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత అంకెలు పట్టుకుని, పల్లె మహిళలకు హెచ్‌ఐవీ గురించి ఏమీ తెలియదని రాసేస్తున్నారు. దేశంలో సమగ్ర అవగాహన ఉన్న మహిళలు 21.6 శాతం, పురుషులు 30.7 శాతం. అంకె నిజమే. కానీ దాన్ని ఎలా తేల్చారు? కండోమ్ ప్రతిసారీ వాడితేను, వైరస్ సోకని, నమ్మకంగా ఉండే ఒకే భాగస్వామి ఉంటేను ముప్పు తగ్గుతుందని తెలియాలి. ఆరోగ్యంగా కనిపించే మనిషిలోనూ వైరస్ ఉండొచ్చని తెలియాలి. రెండు అపోహలను కాదనాలి. ఒక్కటి తప్పినా అవగాహన లేనట్టే లెక్క. ఆ లెక్కన పదిమంది మగవాళ్లలో దాదాపు ఏడుగురు తప్పారు. వాళ్ల మీద శీర్షికలు రావు.

పొదుపు సంఘాల్లో ఈ ప్రస్తావన తెస్తే ఆడవాళ్లు అడిగేది వేరు. మేం నమ్మకంగానే ఉన్నాం, ఆయన సంగతేమిటి? ఆయన్ని పరీక్షకు తీసుకురావడం ఎలా? ఆస్పత్రి గోడ మీది హెచ్‌ఐవీ పోస్టరు ముందు నిలబడి చదివితే చూసేవాళ్లు ఏమనుకుంటారు? వీటికి ఏ కరపత్రంలోనూ నాకు జవాబు కనిపించలేదు. ఇరవై ఏళ్ల కిందట ఉమ్మడి రాష్ట్రమంతా మోగిన పులిరాజా ఎయిడ్స్ ప్రచారం కూడా మాట్లాడింది మగవాడితోనే. కానీ గర్భిణిగా ఆస్పత్రికి వెళ్లినప్పుడు పరీక్ష మొదట జరిగేది భార్యకు. బయటపడేది ఆమె పేరే, నింద కూడా ఆమె మీదికే.

ఇక్కడ చట్టాన్ని చూడాలి. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 17వ సెక్షన్ ప్రకారం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రూపొందించే సమాచార, విద్యా కార్యక్రమాలు వయసుకు తగినట్టు, స్త్రీపురుష భేదాల ఎరుకతో, కళంకం అంటగట్టకుండా, వివక్ష లేకుండా ఉండి తీరాలి. ఇది సలహా కాదు, విధి. చూడబోయే స్త్రీలకు ముందుగా చూపించకుండా, వాళ్ల అభ్యంతరాలు వినకుండా అచ్చువేసిన పోస్టరు ఈ విధిని నెరవేర్చినట్టు కాదన్నది నా వాదన. స్త్రీపురుష భేదాల ఎరుక పోస్టరులో ఉందో లేదో కార్యాలయంలో కూర్చున్నవారు తేల్చలేరు. చట్టంలో లోపమూ ఉంది. ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ విచారించేది 3వ సెక్షన్‌లోని వివక్షనూ, వైద్యసేవల ఉల్లంఘనలనూ మాత్రమే. చెడ్డ పోస్టరు మీద ఫిర్యాదుకు ఆ గడప లేదు. అంతమాత్రాన విధి రద్దు కాదు, హైకోర్టు తలుపు తెరిచే ఉంది.

అదే చట్టం 9వ సెక్షన్ మరో రక్షణ ఇచ్చింది. ఒక స్త్రీకి హెచ్‌ఐవీ ఉందని భర్తకు తెలిస్తే ఆమెను కొడతాడనో వదిలేస్తాడనో సహేతుకమైన భయం ఉన్నప్పుడు, వైద్యుడు గానీ కౌన్సెలర్ గానీ ఆమె ఫలితాన్ని అతనికి చెప్పకూడదు. పల్లెల్లో ఆడవాళ్లు పరీక్షకు వెనకాడడానికి ఆ భయమూ ఒక కారణం. ఆశా కార్యకర్త చేతిలోని కాగితంలో ఈ రక్షణ గురించి పెద్దక్షరాల్లో రాయడానికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త నిధులూ అక్కర్లేదు. తెలుగు రాష్ట్రాల ఎయిడ్స్ నియంత్రణ సంస్థలు తర్వాతి ముద్రణ నుంచే ఆ పని మొదలుపెట్టాలి.