సబ్‌వూఫర్ వైరు ఎంత పొడుగు కొనాలి?

మా శ్రీవారు సబ్‌వూఫర్‌ని సోఫా మూలకి జరిపి, వైరుని హాలు మధ్యగా లాగేశారు. మర్నాడే అత్తయ్యగారు కాలికి తట్టుకుని తూలారు. గోడ అందింది కాబట్టి సరిపోయింది! అందుకే కొలత గోడ వెంబడి, గుమ్మం చుట్టూ తిప్పి తీసుకోండి. పురికొస చాలు. ఇంకో మీటరు కలపండి, ఊడ్చేటప్పుడు పెట్టె జరపాలి కదా! కరెంటు ప్లగ్గున్న సబ్‌వూఫర్‌కి మామూలుగా స్పీకర్ల జంట వైరు వాడరు. లోపల జాలీ చుట్టి, రెండు చివరలా ఆర్‌సీఏ పిన్నులున్న కోయాక్సియల్ వైరు అడగండి. ఖరీదైనదే అక్కర్లేదు, 10 మీటర్లయినా శబ్దం తగ్గదు. కరెంటు వైరుని ఆనించి పరిస్తే మాత్రం 'గుయ్' మంటుంది. జానెడు ఎడం ఉంచండి. దాటించక తప్పకపోతే కత్తెరలా అడ్డంగా దాటించండి.