బియ్యం సంచి మీద ‘జ్ఞాపకశక్తి’ అని రాయొద్దు

మొన్న స్టాల్ దగ్గర ఒక పెద్దాయన నా దంపుడు బియ్యం చూసి, “ఇది తింటే మతిమరుపు తగ్గుద్దా బాబూ?” అన్నారు. అవునంటే ఐదు కిలోలు పోయేవి. అనలేకపోయాను.

జ్ఞాపకాలు కుదురుకునే హిప్పోకాంపస్‌లో జింకు ఎక్కువే, నిజం. అక్కడి నరాల కణాలు గ్లుటమేట్‌తో పాటు జింకునూ వదులుతాయి. వయసు పైబడి తిండి తగ్గితే ఒంట్లో జింకు చాలకపోవచ్చు. అంతమాత్రాన మన బియ్యం మందైపోదు. అవసరం లేకుండా జింకు బిళ్లలు ఎక్కువగా మింగితే ఒంట్లో రాగి పడిపోద్ది కూడా.

అసలు నాటు వడ్లన్నిటిలో జింకు ఉంటదని ఎవరన్నారు? వీడియోలో నా మడే చూడండి. నాటిన మూడు వారాలకే కింది ఆకుల మీద తుప్పు మచ్చలు. సున్నపు నేల, పైగా నీళ్లు నిలబెట్టేశాను. జింకు కోసమే తీసిన డీఆర్ఆర్ ధాన్ 45కి పాలిష్ బియ్యంలో 22.6 పీపీఎం అని లెక్కుంది. మన సంచి మీద ఏ లెక్కుంది? ఈసారి ల్యాబ్‌కి పంపుతున్నా. ఎంతొస్తే అంతే రాస్తా.